మేనల్లుడికి కోర్టు, మేనమామకు గ్వాంటనామో

2001 అక్టోబరు 18 నాటికి న్యూయార్క్‌లో జంట టవర్ల శిథిలాలు ఇంకా పొగలు చిమ్ముతూనే ఉన్నాయి. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఫెడరల్ కోర్టులో ఆ రోజు నలుగురికి యావజ్జీవ శిక్ష పడింది. నలుగురూ అల్ ఖైదా కోసం పనిచేసినవాళ్లే. 1998 ఆగస్టు 7న కెన్యాలోని నైరోబీ, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ నగరాల్లో అమెరికా ఎంబసీల దగ్గర బాంబులు పేల్చి 224 మందిని చంపిన కుట్ర కేసు అది. నెలల తరబడి విచారణ జరిగింది. సాక్షులు బోనెక్కారు. నిందితుల తరఫున లాయర్లు గట్టిగా వాదించారు. సెప్టెంబరు 11 దాడులకు మూడు నెలల ముందే, మే నెలాఖరులో, జ్యూరీ నలుగురినీ దోషులుగా తేల్చింది.

ఈ తీర్పు సంగతి ఇప్పుడు ఎవరికీ పెద్దగా గుర్తు లేదు. దానికి పదకొండు రోజుల ముందే అఫ్గానిస్తాన్ మీద బాంబులు పడటం మొదలైంది. టీవీల్లో, పేపర్లలో అంతా యుద్ధమే. కోర్టు శిక్ష వేసిందన్న వార్త అందులో కొట్టుకుపోయింది. ఆ అక్టోబరులో అమెరికా ముందు రెండు దారులున్నాయి. ఒకటి అప్పటికే ఫలితం చూపించిన దారి. అమెరికా రెండోదాన్ని ఎంచుకుంది. ఉగ్రవాదం మీద అమెరికా విదేశాంగ విధానం గురించి ఎంత మాట్లాడుకున్నా, నా దృష్టిలో అసలు తప్పు ఇక్కడే జరిగింది. ఉగ్రవాదాన్ని నేరంగా చూసి, నేరస్తుడి పేరు రాసుకుని, సాక్ష్యంతో వెంటాడినప్పుడు అమెరికాకు ఫలితం దక్కింది. పేరులేని శత్రువు మీద గడువులేని యుద్ధం ప్రకటించినప్పుడు లక్షల ప్రాణాలు పోయాయి, ఉగ్రవాదం కొత్త దేశాలకు పాకింది.

దీనికి ఒకే కుటుంబంలోని ఇద్దరి కథ చాలు.

రమ్జీ యూసుఫ్ 1993 ఫిబ్రవరి 26న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింది పార్కింగ్‌లో బాంబు నింపిన వ్యాన్ పేల్చాడు. ఆరుగురు చనిపోయారు, వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రే దేశం దాటి పారిపోయాడు. రెండేళ్లు వెతికారు. 1995 ఫిబ్రవరిలో ఇస్లామాబాద్‌లోని ఒక గెస్ట్ హౌస్‌లో పట్టుకుని అమెరికాకు తెచ్చారు. విమానాలు పేల్చే మరో కుట్ర కేసులో 1996లో, ట్రేడ్ సెంటర్ కేసులో 1997లో దోషిగా తేలాడు. 1998 జనవరిలో జీవితఖైదు పడింది. ఇప్పుడు కొలరాడోలోని అత్యంత కట్టుదిట్టమైన జైల్లో ఉన్నాడు. అతని పేరు మీద ఊరేగింపులు జరగవు, చర్చలు జరగవు. అతను ఒక ఖైదీ, అంతే.

అతని మేనమామ ఖలీద్ షేక్ మొహమ్మద్. సెప్టెంబరు 11 దాడులకు పథకం వేసింది అతనే. 2,977 మంది ప్రాణాలు తీసిన నేరం. 2003 మార్చి 1న రావల్పిండిలో దొరికాడు. అతన్ని కోర్టుకు తీసుకెళ్లలేదు. సీఐఏ రహస్య జైళ్లకు తరలించారు. ముఖం మీద గుడ్డ కప్పి నీళ్లు పోస్తూ ఊపిరాడకుండా చేసే వాటర్‌బోర్డింగ్ అనే హింసను అతని మీద 183 సార్లు ప్రయోగించారు. 2006లో క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోలో ఉన్న జైలుకు తెచ్చారు. 2009లో ఒబామా ప్రభుత్వం న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో విచారిస్తామని ప్రకటిస్తే పెద్ద గోల జరిగింది. చివరికి గ్వాంటనామో ఖైదీలను అమెరికా గడ్డ మీదికి తేవడానికి డబ్బు ఖర్చు పెట్టకూడదని అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టమే చేసింది. 2012 నుంచి మిలిటరీ కమిషన్ అనే సైనిక కోర్టు ముందు వాయిదాల మీద వాయిదాలు నడుస్తున్నాయి. హింసపెట్టి రాబట్టిన మాటలు సాక్ష్యంగా చెల్లుతాయా అన్న వాదనలతోనే ఏళ్లు గడిచిపోయాయి. 2024 జులైలో నేరం ఒప్పుకుంటే మరణశిక్ష ఉండదని ఒప్పందం కుదిరింది. రెండు రోజులకే రక్షణ మంత్రి దాన్ని రద్దు చేశారు. ఆ రద్దు చెల్లుతుందని 2025 జులైలో అప్పీలు కోర్టు చెప్పింది. అసలు విచారణ నేటికీ మొదలవలేదు.

మేనల్లుడికి పట్టుబడిన మూడేళ్లలో శిక్ష పడింది. మేనమామకు రెండు దశాబ్దాలు దాటినా పడలేదు. ఆరుగురిని పోగొట్టుకున్న కుటుంబాలకు న్యాయం అందింది. దాదాపు మూడువేలమందిని పోగొట్టుకున్న కుటుంబాలు ఇంకా ఎదురుచూస్తున్నాయి. ఎదురుచూస్తూనే కన్నుమూసిన తల్లిదండ్రులున్నారు. ఉగ్రవాదుల మీద కఠినంగా ఉండాలని కోరుకునేవాళ్లు ముందు కోపం తెచ్చుకోవాల్సింది దీని మీదే.

ఇదంతా ఎక్కడ మొదలైందో చూడాలంటే 2001 సెప్టెంబరు 14కు వెళ్లాలి. దాడులు జరిగిన మూడో రోజు. ఆ రోజు అమెరికా కాంగ్రెస్ ఒక తీర్మానం ఆమోదించింది. అందులో అసలు అధికారం ఇచ్చే వాక్యం ఇంగ్లీషులో 60 పదాలు. దాడులకు పథకం వేసిన, సాయపడిన, ఆశ్రయమిచ్చిన దేశాలు, సంస్థలు, వ్యక్తులు ఎవరని అధ్యక్షుడు నిర్ణయిస్తే వాళ్ల మీద అవసరమైన బలాన్నంతా వాడవచ్చన్నది దాని సారాంశం. అల్ ఖైదా పేరు లేదు. తాలిబన్ పేరు లేదు. అఫ్గానిస్తాన్ పేరు లేదు. ఎప్పటిదాకా అన్నది లేదు. తెల్లకాగితం మీద సంతకం పెట్టి అధ్యక్షుడి చేతికిచ్చారు.

సెనేట్‌లో 98 మందీ అనుకూలంగా ఓటేశారు. ప్రతినిధుల సభలో 420 మంది అవునంటే ఒకే ఒక్కరు కాదన్నారు. ఆమె కాలిఫోర్నియాకు చెందిన బార్బరా లీ. మనం అసహ్యించుకునే దుర్మార్గంలోకి మనమే దిగజారవద్దని ఒక మతగురువు చెప్పిన మాటను సభలో గుర్తు చేసి ఓటేశారామె. తర్వాత ఆమెకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి, పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆ సభలో ఆ రోజు కూర్చున్న 420 మందినీ నేను తప్పుపట్టను. మూడు రోజుల క్రితం అంత ఘోరం చూసినవాళ్లు వాళ్లు. కానీ దుఃఖంలో రాసిన వాక్యాన్ని దుఃఖం తగ్గాక కూడా అలాగే ఉంచిన తర్వాతి సభలను తప్పుపడతాను.

ఎందుకంటే ఆ వాక్యాన్ని ఆ తర్వాత డజనుకు పైగా దేశాల్లో సైనిక చర్యలకు వాడారు. యెమెన్, సోమాలియా, లిబియా, సిరియా. 2014లో ఐసిస్ మీద యుద్ధానికీ అదే ఆధారమన్నారు. ట్విన్ టవర్స్ కూలిన రోజున ఐసిస్ అనే సంస్థే లేదు. 2017 అక్టోబరులో పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్‌లో నలుగురు అమెరికా సైనికులు చనిపోయారు. అక్కడ వెయ్యిమంది దాకా తమ సైనికులున్న సంగతి తనకు తెలియదని సైనిక వ్యవహారాల కమిటీలో ఉన్న సీనియర్ సెనేటర్ లిండ్సే గ్రాహమ్ టీవీలో చెప్పారు. ప్రజాస్వామ్యంలో యుద్ధం ఎక్కడ జరుగుతోందో చట్టసభకే తెలియకపోతే ఆ దేశపు పౌరుడు ఎవరిని నిలదీయాలి?

ఇప్పుడు ఇరాక్ సంగతి. ఇరాక్ యుద్ధం తప్పని ఈ రోజు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అమెరికాలో రెండు పార్టీలవాళ్లూ ఒప్పుకుంటారు. కానీ ఆ తప్పుకు, ఖైదీలను హింసించడానికి ఉన్న సంబంధం గురించి తక్కువగా మాట్లాడతారు.

ఇబ్న్ అల్ షేక్ అల్ లీబీ అనే అతను అఫ్గానిస్తాన్‌లో ఒక శిక్షణ శిబిరం నడిపేవాడు. 2001 చివర్లో పట్టుబడ్డాడు. మొదట ఎఫ్‌బీఐ అధికారులు మామూలు పద్ధతిలో ప్రశ్నించారు. అతను మాట్లాడుతున్నాడు కూడా. ఆ దశలో సీఐఏ అతన్ని తీసుకుని ఈజిప్టుకు పంపించింది. అక్కడ హింసకు తట్టుకోలేక, అల్ ఖైదా మనుషులకు ఇరాక్ రసాయన, జీవాయుధాల్లో శిక్షణ ఇచ్చిందని చెప్పాడు. ఈ మాట నమ్మదగ్గది కాదని 2002 ఫిబ్రవరిలోనే అమెరికా రక్షణ శాఖ నిఘా విభాగం అనుమానం వెలిబుచ్చింది. అయినా 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్య సమితి భద్రతామండలిలో విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఆ కథనాన్ని ప్రపంచానికి వినిపించారు. ఆరు వారాల్లో యుద్ధం మొదలైంది. 2004లో అల్ లీబీ తాను చెప్పింది అబద్ధమన్నాడు. సీఐఏ ఆ నివేదికలను వెనక్కి తీసుకుంది. అప్పటికి బాగ్దాద్ పడిపోయింది. సామూహిక వినాశ ఆయుధాలు దొరకలేదు. సద్దాంకు, అల్ ఖైదాకు కలిసి పనిచేసే సంబంధం ఉన్నట్లు ఆధారాలు కనబడలేదని సెప్టెంబరు 11 దాడుల మీద వేసిన కమిషన్ తేల్చింది.

కోర్టులు హింసతో రాబట్టిన వాంగ్మూలాన్ని పక్కన పెట్టేది ఖైదీ మీద జాలితో మాత్రమే కాదు. నొప్పి ఆగడానికి మనిషి ఎదుటివాడు వినాలనుకున్నదే చెబుతాడని అనుభవం మీద తెలుసు కాబట్టి. ఆ నియమాన్ని పక్కన పెట్టిన ఫలితం ఒక్క ఖైదీ దగ్గర ఆగలేదు. ఒక దేశం మొత్తం కూలింది.

కూలిన తర్వాత చేసింది ఇంకా ఘోరం. 2003 మే నెలలో, ఇరాక్‌ను పాలించడానికి అమెరికా పంపిన అధికారి పాల్ బ్రెమర్ రెండు ఉత్తర్వులిచ్చారు. ఒకటి సద్దాం నడిపిన బాత్ పార్టీలో పైస్థాయిల్లో ఉన్నవాళ్లను ఉద్యోగాల నుంచి తీసేసింది. రెండోది ఇరాక్ సైన్యాన్ని రద్దు చేసింది. ఆయుధాలు వాడటం తెలిసిన లక్షలమంది ఒక్కసారిగా జీతం లేకుండా, పరువు లేకుండా రోడ్డున పడ్డారు. సద్దాం సైన్యంలో అధికారులుగా చేసినవాళ్లు తర్వాతి రోజుల్లో ఐసిస్ పై వరుసల్లో కనిపించారు. ఆ సంస్థ నాయకుడు అబూ బకర్ అల్ బాగ్దాదీ 2004లో అమెరికన్లు నడిపిన క్యాంప్ బుకా నిర్బంధ శిబిరంలో ఉండి బయటికి వచ్చినవాడే. 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతుల్లోకి వెళ్లింది. ఇదేదో తర్వాత తెలివి తెచ్చుకుని చెబుతున్న మాట కాదు. ఇరాక్ యుద్ధం కొత్త జిహాదీ తరాన్ని తయారు చేస్తోందని అమెరికా సొంత నిఘా సంస్థలన్నీ కలిసి రాసిన అంచనా 2006లోనే బయటికి వచ్చింది.

ఈ యుద్ధాలన్నిటి లెక్క బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో కట్టారు. ఖర్చు సుమారు 8 లక్షల కోట్ల డాలర్లు. నేరుగా యుద్ధంలో చనిపోయినవాళ్లు దాదాపు 9 లక్షల మంది. 2004లో విడుదలైన వీడియోలో బిన్ లాడెన్ తన లక్ష్యమేమిటో దాచుకోలేదు. అమెరికాను దివాలా తీసేదాకా రక్తమోడిస్తామన్నాడు. అతను కోరుకున్న యుద్ధాన్నే అమెరికా అతనికి ఇచ్చింది.

డాలస్‌లో స్థిరపడ్డ మా పెదనాన్నగారి అబ్బాయి ఈ వాదన ఒప్పుకోడు. మేం ఫోన్లో మాట్లాడుకున్నప్పుడల్లా ఇది ఎక్కడో అక్కడ వస్తుంది. "ఒరేయ్, 93 కేసులో శిక్ష వేశారు, 98 కేసు కూడా కోర్టులోనే నడిపారు. ఏం ఆగింది? టవర్లు కూలాయిగా!" అంటాడు. గట్టి ప్రశ్నే. దీనికి జవాబు చెప్పకుండా నా మాట నిలబడదు.

అన్నయ్యా, ఆ రోజు విఫలమైంది కోర్టు కాదు. 2000 జనవరిలో కౌలాలంపూర్‌లో కలుసుకున్న అల్ ఖైదా మనుషుల్లో ఒకడికి అమెరికా వీసా ఉందని సీఐఏకు తెలుసు. ఇంకొకడు లాస్ ఏంజెలెస్ విమానం ఎక్కాడని ఆ మార్చికల్లా తెలుసు. ఇద్దరూ శాన్ డియాగోలో సొంత పేర్లతోనే బతికారు. వాళ్లలో ఒకడి పేరు అక్కడి టెలిఫోన్ డైరెక్టరీలో ఉంది. వాళ్ల పేర్లు నిఘా జాబితాలోకి ఎక్కింది 2001 ఆగస్టు చివర్లో. ఇద్దరూ పెంటగాన్ మీద కూల్చిన విమానంలో ఉన్నారు. అదే ఆగస్టులో మిన్నెసోటాలో విమానం నడపడం నేర్చుకుంటున్న జకారియాస్ మూసావీని స్థానిక ఎఫ్‌బీఐ అధికారులు అనుమానంతో అరెస్టు చేశారు. అతని ల్యాప్‌టాప్ తెరవడానికి వారెంటు కావాలని మొత్తుకున్నారు. పై నుంచి కదలిక రాలేదు. ఇవన్నీ పోలీసు పని సగంలో ఆగిపోయిన చోట్లు. సగంలో ఆగిన పనిని పూర్తి చేయాలి గానీ, ఆ పనికే స్వస్తి చెప్పి యుద్ధానికి వెళ్లడం ఏం న్యాయం?

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. అఫ్గానిస్తాన్ కొండల్లో శిక్షణ శిబిరాలు నడుస్తుంటే, అక్కడి ప్రభుత్వం వాటికి నీడ ఇస్తుంటే, న్యూయార్క్ జడ్జి సంతకం చేసిన వారెంటు అక్కడ పనిచేయదు. 2001 అక్టోబరులో ఆ శిబిరాల మీద దాడికి కారణం ఉంది. నేను వ్యతిరేకించేది దాని తర్వాతి ఇరవై ఏళ్లను. ఆ డిసెంబరుకే తాలిబన్ పాలన కూలింది. ఆయుధాలు దించుతాం, మమ్మల్ని మా ఊళ్లలో బతకనివ్వండని వాళ్ల నాయకులు కొత్త అఫ్గాన్ నాయకుడు హమీద్ కర్జాయ్‌కి కబురు పంపారు. రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ కుదరదన్నారు. 2020 ఫిబ్రవరిలో దోహాలో అదే తాలిబన్లతో కూర్చుని అమెరికా సంతకాలు చేసింది. 2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ వాళ్ల చేతికి వెళ్లింది. ఆ నెల 29న, ఐసిస్ మనిషి అనుకుని అమెరికా డ్రోన్ పేల్చిన కారులో ఉన్నది ఒక సహాయ సంస్థ ఉద్యోగి. మొత్తం పదిమంది పోయారు. అందులో ఏడుగురు పిల్లలు. మూడు వారాల లోపే పెంటగాన్ పొరపాటని ఒప్పుకుంది. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

మా అన్నయ్యకు ఎదురు కొసన ఇంకో వాదన ఉంది. మన వామపక్ష మిత్రుల్లో ఎక్కువగా వింటాను. అమెరికా చేసుకున్నదే అనుభవిస్తోంది అని. ఇందులో నిజం పాలు చిన్నది కాదు. 1980లలో అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైన్యం మీద పోరాడటానికి సీఐఏ డబ్బు, ఆయుధాలు జియా ఉల్ హక్ పాకిస్తాన్‌కు పంపింది. ఎవరికి ఎంత ఇవ్వాలో ఐఎస్‌ఐ నిర్ణయించింది. అందులో పెద్ద వాటా అఫ్గాన్ తిరుగుబాటు నాయకులందరిలోకీ కరడుగట్టిన గుల్బుద్దీన్ హెక్మత్యార్‌కు వెళ్లింది. 2003లో అదే హెక్మత్యార్‌ను అమెరికా ఉగ్రవాదిగా ప్రకటించింది. అయితే బిన్ లాడెన్‌కు సీఐఏ నేరుగా జీతమిచ్చిందన్న ప్రచారానికి ఆధారం లేదు. అతనికి సొంత డబ్బుదారులున్నారు. నిజం చెప్పడానికి ఉన్నదే చాలినంత ఉన్నప్పుడు లేనిది కలపడం ఎందుకు?

ఆ వాదనతో నాకున్న అసలు పేచీ వేరే. నైరోబీలో చనిపోయిన రెండువందల పైచిలుకు మందిలో అమెరికన్లు పన్నెండుమంది. మిగతావాళ్లలో ఎక్కువమంది ఆ ఉదయం పనికి వచ్చిన కెన్యా గుమస్తాలు, బస్సు ప్రయాణికులు, పక్క భవనంలో చదువుకుంటున్నవాళ్లు. వాళ్లు ఏ విదేశాంగ విధానం రాశారు? అమెరికా తప్పులకు ప్రతిచర్య అని వాళ్ల చావును వివరిస్తే, చంపినవాడి నిర్ణయాన్ని అతని భుజం మీది నుంచి తీసేసినట్టే. ఈ విషయంలో కోర్టు మనకంటే స్పష్టంగా ఉంటుంది. కోపానికి కారణాలు వింటుంది. కానీ బాంబు పెట్టింది ఎవరని అడుగుతుంది.

పేరులేని శత్రువు మీద యుద్ధం దేశం లోపల ఏం చేస్తుందో తెలుగువాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరును బార్‌లో ఒకడు కాల్చి చంపాడు. నా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్చాడు. చంపింది ఇరానీయులను అనుకున్నాడు. పక్కనున్న మరో తెలుగు ఇంజనీరు గాయపడ్డాడు. అడ్డుకోబోయిన అమెరికన్ కూడా. ఏళ్ల తరబడి టీవీలో గోధుమరంగు ముఖాలను శత్రువుగా చూపిస్తే, ఏ ముఖం ఎవరిదన్న తేడా తుపాకీ పట్టినవాడికి తెలియదు. అతనికి 2018లో జీవితఖైదు పడింది. ఆ పని కూడా మామూలు కోర్టే చేసింది.

మన దగ్గరా ఈ రెండు దారుల తగువు ఉంది. ముంబైలో 2008 నవంబరు 26న మొదలైన దాడిలో 166 మంది చనిపోయారు. ప్రాణాలతో దొరికిన కసబ్‌ను అక్కడే కాల్చేయాల్సింది, విచారణ ఎందుకు, బిర్యానీలు పెట్టి మేపుతున్నారు అని ఆ రోజుల్లో మన ఇళ్లలో అనని వాళ్లు తక్కువ. బిర్యానీ సంగతి తాను కల్పించిందేనని ప్రభుత్వ న్యాయవాదే 2015లో చెప్పారు. కసబ్‌కు లాయరును పెట్టి విచారించారు, హైకోర్టు విన్నది, సుప్రీంకోర్టు విన్నది, 2012 నవంబరు 21న ఉరి తీశారు. మొత్తం నాలుగేళ్లు. కుట్రలో కొంత భాగం తమ గడ్డ మీదే జరిగిందని 2009 ఫిబ్రవరిలో పాకిస్తాన్ ఒప్పుకోవాల్సి వచ్చిందంటే, బతికున్న నిందితుడు, అతని చుట్టూ పేర్చిన సాక్ష్యం దానికి పెద్ద బలం.

హైదరాబాద్‌లో మనం రెండూ చేసి చూశాం. 2007 ఆగస్టులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లలో 42 మంది పోయారు. పదకొండేళ్లు పట్టింది, అది చాలా ఎక్కువ కాలం, కానీ 2018లో దోషులకు శిక్ష పడింది. అదే 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పాతబస్తీ ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. హింసించారన్న ఆరోపణలు వచ్చాయి, కేసులు నిలబడలేదు, చివరికి ప్రభుత్వమే పరిహారం ప్రకటించింది. దర్యాప్తు తర్వాత ఇంకో దిక్కుకు తిరిగింది. ఆ నిందితులూ 2018లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. మసీదులో చనిపోయినవాళ్ల కేసులో ఇప్పటికీ శిక్ష పడ్డవాడు ఒక్కడు లేడు. అనుమానం మీద మనుషులను ముందు పట్టుకుని ఆధారం తర్వాత వెతికితే అసలువాడు తప్పించుకుంటాడు. అమెరికా ఈ తప్పును ఖండాల మేర చేసింది.

బార్బరా లీ 2025 జనవరిలో కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చేదాకా ఆ 60 పదాల వాక్యాన్ని రద్దు చేయించడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించారు. రద్దు కాలేదు. రద్దు చేసి దాని స్థానంలో ఏం రాయాలన్నది పెద్ద చిక్కు ప్రశ్న కాదు. శత్రు సంస్థ పేరు రాయాలి. ఏ దేశంలో బలం వాడతారో రాయాలి. రెండేళ్లకో మూడేళ్లకో గడువు పెట్టి మళ్లీ సభ ముందుకు తేవాలి. దొరికినవాణ్ని కోర్టుకు తేవాలి. ఓటుహక్కు వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు టెక్సస్‌లో, న్యూజెర్సీలో, జార్జియాలో ఉన్నారు. ఎన్నికలప్పుడు అభ్యర్థులు మన సభలకు వస్తారు, శాలువాలు కప్పించుకుంటారు, వీసాల గురించి రెండు మాటలు చెప్పి వెళ్తారు. ఈసారి వచ్చినవాళ్లను ఇది కూడా అడగండి: 2001 నాటి ఆ చట్టం కింద ఈ రోజు మన సైన్యం ఏ ఏ దేశాల్లో ఉంది, ఎవరితో పోరాడుతోంది, దాని రద్దుకు మీరు ఓటేస్తారా, వేయరా?